మూడో కూత

సుకన్య పక్కింటి వరలక్ష్మి పాలామెతో అన్నదట. పాలామె ఇస్త్రీబండి కుమారస్వామితో అన్నదట. కాజీపేటలో ఆ సందు మొదట్లో అనసూయ స్కూటీ ఆపిందో లేదో, కుమారస్వామి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆ మాట ఆమె చెవిలో వేశాడు.

“గా సుకన్య ఇంట్ల మిషిని పొద్దుగాల మూడుమార్లు కూసిందట మేడం. రోజు రెండుమార్లే కూస్తదట. మూడోమారు కూసినప్పుడు సుకన్య ఇంట్లనే లేదట.”

“వరలక్ష్మి గోడకు చెవి పెట్టి విన్నదా?”

“అబ్బే, ఆమె అసుంటి మనిషి గాదు. గోడనే ఆమె చెవికాడికి వస్తది. రాత్రి గ్రహణం పట్టె గదా, దయ్యం ఒత్తిందంటాంది.”

ఇంకో రోజైతే అనసూయ నవ్వేదే. హనుమకొండలో జిరాక్స్ షాపు మీది గదిలో ఆమె డిటెక్టివ్ ఆఫీసు. పోయిన బండ్లు, పారిపోయిన మనుషులు, పెళ్లి సంబంధాల వాకబులు. అంతకన్నా పెద్ద కేసు ఆ మెట్లెక్కి రాలేదు. గంట క్రితం సుకన్య ఫోన్ చేసింది. కాలేజీలో తనకన్నా రెండేళ్లు చిన్న. “అక్కా, బేకరీ చంద్రమౌళి సేటు సచ్చిపోయిండట. నా సాసు తినే సచ్చిండంటాండ్రు. నన్ను తీస్కపోతరట...” అంతే. ఎవరో ఫోన్ లాక్కున్నారు.

సుకన్య వంటింటి గుమ్మంలో సీఐ రాజేశ్వర్ రావు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“వచ్చినవా తల్లీ! పోయిన బండ్లన్ని దొరికినయా?”

“ఒక్కటి మిగిలింది సార్. మీ స్టేషన్ ముంగట పోయినదే. దొరకంగనే మీకే చెప్త.”

సీఐ మీసం కింద పళ్లు కనిపించాయి గానీ అది నవ్వు కాదు. అయినా పక్కకు జరిగాడు. కేసు ఎంత గట్టిగా బిగించాడో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆయనకు తిన్నది అరగదు. “పంచనామా అయ్యేదాక ఉండు. ఏదీ ముట్టకు. అయినంక నీ చెల్లెను జీపెక్కిస్త.”

సుకన్య పొయ్యిగట్టుకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పక్కన లేడీ కానిస్టేబుల్. దేవుడి గూటి దగ్గర అత్త రాజక్క, తల చుట్టూ తువ్వాల చుట్టుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. గట్టుమీద తెల్లటి బ్రెడ్ మిషన్. ఎవరో రైల్వే ఆఫీసరు భార్య బదిలీ మీద పోతూ ఇచ్చేసింది. పిండి పిసికి రొట్టె కాల్చడానికి చేసిన మిషనే గానీ, దాంట్లో జాము చేయడానికి వేరే బొత్తం ఉంది. ఆ బొత్తం నొక్కితే అడుగున వేడి పుడుతుంది, చిన్న రెక్క తిరుగుతుంది, అడుగంటకుండా దానంతటదే కలుపుతుంది, అయిపోయాక కూస్తుంది. సుకన్య ఆ మిషన్‌లో ఒక్క రొట్టె కూడా చేయలేదు. జామకాయ జాము, సీతాఫలం జాము, టమాట సాసు చేసి సీసాలకు ఎత్తి అమ్ముతోంది.

“చెప్పండి సార్. ఎందుకు ఈమెనే అంటాన్రు?”

సీఐ వేళ్లు మడిచాడు. “పోయిన నెల చంద్రమౌళి బేకరీల పదిమంది ముంగట ఈమె సీస తీసి అవతల పెట్టిండు. ‘పిండి పిసికే మిషిన్ల ఉడికిచ్చిన సాసు ఎవడు తింటడు’ అన్నడు. ఈమె ఏమన్నదో అడుగు.”

“నా సాసు నీతోని తినిపిచ్చేదాక వదల అన్న,” సుకన్య తల ఎత్తకుండానే చెప్పింది. “కోపంల అన్న అక్కా. రుచి చూస్తే ఆయనే అడుగుతడని.”

“తినిపిచ్చింది. ఈ పొద్దు పదిగంటలకు, ఒక్కమారు రుచి చూడుమని సీస ఇచ్చింది. బ్రెడ్డు మీద పెట్టుకొని తిన్నడు. గంటకే నోట్లకెళ్లి నురుగ, కండ్ల పాపలు సూదిమొనంత. దవాఖానకు పోయేసరికే స్పృహ లేదు. మూడింటికి ప్రాణం పోయింది. పురుగుమందు అని డాక్టరు చెప్పిండు.”

“సీస బేకరీల ఎవరన్న తెరిచి పోసి ఉంటరు.”

సీఐ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. “సీస పైన ఒక చెంచ, నడుమల ఒక చెంచ, అడుగున ఒక చెంచ తీసి మూడు ప్లేట్లల్ల పెట్టిచ్చిన. బేకరీల ఈగలకు కరువా? మూడు ప్లేట్ల మీద వాలిన ఈగ మళ్ల లేవలేదు. పైన పోస్తే పైన్నే ఉంటది తల్లీ. ఇది ఉడికేటప్పుడే కలిసింది. ఇంట్ల ఉన్న నాలుగు సీసలు గూడ అట్లనే చూసిన. వాటిమీద ఈగలు పండుగ చేసుకున్నయి. అంటే ఏంది? సేటు కోసం వేరేగ ఉడికిచ్చింది. మూడో కూత గదే.”

 ఆ మాట సీఐకి కూడా చేరింది. సందులో అందరి నోళ్లలో నానిన మాట ఇప్పుడు సుకన్య మెడకు ఉరితాడై కూర్చుంది.

“సుకన్యా, రెండుమార్లు ఎందుకు కూస్తది?”

“ఒక్కమారుకు సాసు చిక్కపడదక్కా. మూత పెట్టి ఉంటది గదా, నీళ్లు పోవు. అందుకని జాముబొత్తం రెండుమార్లు ఒత్తుత. నిన్న గ్రహణం పట్టకముందే టమాటలు కోసి, వడకట్టి, గిన్నెల పోసి టైమర్ పెట్టిన. తెల్లారకముందు ఒక కూత కూసింది. మళ్ల ఒత్తిన. ఇంకోటి కూసినంక సీసలకెత్తి ఆరుగంటలకు బయటపడ్డ. మా అత్తమ్మ తమ్ముడు రాజమల్లు మామ రాత్రి ఈడనే పండుకున్నడు, ఆయన్ను బస్టాండుల దింపి వరంగల్ కూరగాయల మార్కెట్ పోయిన. ఎనిమిదిన్నరకు వచ్చిన.”

“మార్కెట్‌ల ఎవరు చూసిండ్రు?” సీఐ అడిగాడు. “టమాటలమ్మెటోళ్లకు నీ ఫోటో చూపిచ్చిన. ఒక్కడు గుర్తువట్టలేదు. పోనీ మార్కెట్లనే ఉన్నవనుకో. మిషిన్‌కు టైమర్ ఉందని నువ్వే చెప్తివి. ఇంట్ల లేకున్నా తిరుగుతది, ఇంట్ల లేకున్నా కూస్తది. ఇంకేమన్న ఉన్నదా మేడం?”

 సుకన్య కళ్లు అనసూయ మొహం మీద ఉన్నాయి. మునిగిపోయే మనిషి ఒడ్డున ఉన్నవాళ్లను చూసే చూపు అది. ఆ చూపు తప్పించుకోవడానికే అనసూయ వంటిల్లు చూడటం మొదలుపెట్టింది.

నీళ్లబిందె మీద గరికపోచ. తొక్కు జాడీ మూత కింద గరిక. పాలగిన్నెలో గరిక. గ్రహణం పట్టేముందు రాజక్క ఇల్లంతా తిరిగి వేసినట్టుంది. మిషన్ గిన్నెలో మాత్రం లేదు. పొయ్యి పక్కన చెత్తబుట్టలో, టమాట తొక్కల మీద నాలుగు గరికపోచలు. పోచలకు ఎర్రగా రసం అంటి ఎండింది.

“ఇది గిన్నెలకెళ్లి తీసిందేనా?”

“అత్తమ్మ వేసింది. రెక్కకు చుట్టుకుంటదని పండుకునేముందు నేనే తీసి పడేసిన.”

దేవుడి గూటి దగ్గర రాజక్క గట్టిగా తుమ్మింది. “వద్దన్న ఇనలే,” అంది ముక్కుతో. “కోసిన కూరగాయ గ్రహణంల గరిక లేకుంట ఉంటే అది తినే పదార్థమా? చదువుకున్నోళ్లకు చెప్తే ఇంటరా?”

“ఇప్పుడు గరిక పంచాయితి పెట్టకు అవ్వా,” సీఐ విసుక్కున్నాడు.

“సార్, సేటు తిన్న సీస మీకాడ ఉన్నది గదా. ముట్టను. కవర్ల ఉండంగనే ఒక్కమారు లైటుకు అడ్డం పెట్టండి.”

“ఎందుకు?”

“మీ కేసు అంత గట్టిగుంటే భయమెందుకు?”

భయం అన్న మాట పనిచేసింది. సీఐ సంచిలోంచి సీలేసిన కవరు తీసి ట్యూబ్‌లైటు కింద ఎత్తి పట్టాడు. సగం ఖాళీ అయిన సీసా. పైన సేటు కోసమని సుకన్య అతికించిన చీటీ. అనసూయ గట్టుమీదున్న నాలుగు సీసాల్లో ఒకదాని పక్కన ముక్కు ఆనించినంత పనిచేసి చూసింది. తర్వాత సీఐ చేతిలోది చూసింది. మళ్లీ ఇది, మళ్లీ అది.

“జర వంచండి సార్.”

సీఐ వంచాడు. సాసు నీళ్లలాగా ఒక పక్కకు జారింది. గట్టుమీది సీసాలో సాసు కదలనే లేదు.

“ఇది ఒక్కమారే ఉడికింది,” అంది సుకన్య. తెలియకుండానే లేచి నిలబడింది. “ఇది నాది గాదక్కా. గింజలు చూడు. నేను వడకడ్త. దీంట్ల గింజలున్నయి, తొక్కలున్నయి.”

“తొందరల చేసినవు. వడకట్టే టైము లేదు,” అన్నాడు సీఐ.

“గింజల సంగతి సరే సార్. ఆ నల్లటియి ఏంది?”

సీఐ కవరు కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. గాజుకు అంటుకుని చిన్న చిన్న నల్లటి గుండ్లు. పక్కనే మాడిన ఎల్లిపాయ రెబ్బ ఒకటి.

“ఆవాలు,” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

“పోపు. సాసుకు పోపు పెట్టిండ్రు. సుకన్యా, నువ్వు పోపు పెడ్తవా?”

“సాసుకా? పోపు పెట్టిన సాసు బేకరీకి తీస్కపోతే సేటు నా మొహానే కొడ్తుండె.”

అనసూయ సీఐ వైపు తిరిగింది.  “టైమర్ పెడితే మిషిన్ దానంతటదే తిరుగుతది. ఒప్పుకుంట. పోపు ఎవరు పెట్టిండ్రు సార్? నూనె కాగాలె, ఆవాలు చిటపటలాడాలె, ఎల్లిపాయ ఎర్రగావాలె. దానికి పొయ్యికాడ మనిషి నిలబడాలె. మూడో కూత కూసినప్పుడు ఈ వంటింట్ల ఒక మనిషి ఉన్నది. ఆ మనిషి చేతికి పచ్చడి అలవాటు, సాసు అలవాటు లేదు.”

మిషన్ ముందుకు వంగి చూసింది. బొత్తాల వరుసలో ఒకదాని మీద ఎర్రటి కుంకుమబొట్టు.

“ఇది దేనికి?”

సుకన్య వచ్చి బొత్తానికి చేయి అడ్డం పెట్టింది. ఆమె మొహంలో అప్పటిదాకా లేని భయం దిగింది. “అక్కా, ఇడిసిపెట్టు.”

“బొట్టు దేనికే?”

“ఇడిసిపెట్టుమంటాన గదా! నేనే చేసిన అని రాసుకోండ్రి. జీపెక్కుత. ముసలిదాన్ని అడగకుండ్రి.”

“ముసలిదాన్ని అని నేనన్ననా?” అంది అనసూయ మెల్లగా.

సీఐ ఇద్దరి మధ్యకు వచ్చాడు. “డ్రామా బాగున్నది మేడం. కోడలిని ఇడిపియ్యనీకి అత్తను ఇరికిస్తాన్రా? అయితే ఇద్దరినీ ఎక్కిస్త. నాకు జీపుల జాగకు కొదువ లేదు.”

“ఎక్కిద్దురు గని జర ఆగుండ్రి.” అనసూయ వెళ్లి రాజక్క ఎదుట గొంతుక్కూర్చుంది. ఇలాంటి ముసలమ్మల మధ్యనే ఆమె పెరిగింది. పాలంపేట దగ్గర వాళ్ల ఊర్లో, నిలబడి అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. “పెద్దమ్మా, సాసు మంచిగ చేసినవు. ఎల్లిపాయ గూడ ఏసినవు.”

రాజక్క కోడలి వైపు చూసింది, పోలీసుల వైపు చూసింది.  అయినా గొంతులో మొండితనం పోలేదు.

“చెయ్యకపోతే ఏం చెయ్యాలె? పొద్దుగాల చూస్తే గరిక చెత్తకుండీల ఉన్నది. గ్రహణం పట్టిన సాసు సీసలల్ల ఉన్నది. గదే తీస్కపోయి సేటుకు పెడ్తదట! మొదటిపారి బోణీ, అపచారం గాదా? సేటుకు కీడైతే ఎవలకు పాపం? గందుకనే తలకు నీళ్లు పోసుకొని, కొత్త టమాటలు కోసి, కోడలు నాకు గుర్తుకని బొట్టు పెట్టిన బొత్తం ఒత్తిన. కూసినంక పోపు పెట్టిన. చీటి ఉన్న సీస ఒంపేసి, కడిగి, నాది నింపిన. సేటు మంచిగుండాల్నని చేసినగని...” ఆమె మాట తుమ్ములో కొట్టుకుపోయింది.

సుకన్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “సీస పట్టుకుంటే వెచ్చగ తగిలింది. ఎండ తగిలిందేమో అనుకున్న.”

“ఇగ చూడుండ్రి,” సీఐ గొంతు పెంచాడు. “ఒప్పుకున్నది. మందెక్కడిది అవ్వా?”

“మందేంది? నా చేతులతోని చేసిన దాంట్ల మందెట్లుంటది? దొంగమాటలు మాట్లాడకు. ఆ సేటు ఇంకేదో తిని సచ్చిండు.”

“టమాటలల్ల ఏమేమి ఏసినవు పెద్దమ్మా?”

“చెక్కెర, ఉప్పు, కారం. ఇగ కోడలు పోస్తది చూడు, సిర్కా. రెండు మూతలు పోస్తదని ఎర్కే గదా. మూతలతోని ఏం సాలుతదని జర ఎక్కువనే ఒంపిన.”

“ఏ సిర్కా?”

రాజక్క గడ్డంతో చూపించింది. కిటికీ గూట్లో రెండు క్వార్టర్ సీసాలు. రెండింట్లోనూ గోధుమరంగు నీళ్లు. ఒకటి నిండుగా ఉంది, ఇంకొకటి సగానికి పైగా ఖాళీ.

అనసూయ లేచింది.  “సార్, ముడ్తాన. మీ చేతిరుమాలు ఇయ్యుండ్రి.” సీఐ మారు మాట్లాడకుండా ఇచ్చాడు. నిండుగా ఉన్నదాని మూత తీసింది. సిర్కానే, వెనిగర్ పుల్లటి వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. రెండోదాని మూత తిప్పింది. ముక్కు దగ్గరకు తేవాల్సిన పని కూడా లేకపోయింది. మూత లేవగానే పత్తిచేలు లేచాయి. పురుగుమందు కొట్టి వచ్చిన నాన్న చొక్కా వాసన అది; ఆ చొక్కాను అమ్మ దండెం మీద వేరేగా ఆరేసేది.

“సుకన్యా, ఇంట్ల సిర్కా సీసలు ఎన్ని?”

“ఒక్కటే.”

“రాజమల్లు మామ నిన్న ఎందుకొచ్చిండు?”

సుకన్య కిటికీ గూటి వైపు తిరిగింది. “పత్తికి మందు తీసుకుంటనని. ఇంకో ఆయన, ఈయన కలిసి ఒక్క డబ్బ తీసుకొని చెరిసగం పంచుకున్నరట. గ్రహణంపూట ప్రయాణం వద్దని అత్తమ్మనే ఆపింది.”

“పంచుకున్నది దేంట్ల పోసుకున్నడు?”

 సీఐ తన చేతిరుమాలు వైపు, అందులో ఉన్న సీసా వైపు చూస్తున్నాడు.

“పెద్దమ్మా, వాసన రాలేదా?”

“వాసనెక్కడిది? నడిరాత్రి గ్రహణం ఇడిసినంక సన్నీళ్లు తలమీద పోసుకుంటిని. పొద్దుగాల మళ్ల పోసుకుంటిని. రెండు ముక్కులు దిబ్బడ.” చెబుతూ చెబుతూ రాజక్క ఆగింది. చూపు ఆ సీసా మీద నిలబడిపోయింది. “అది... అది మా తమ్ముడు మర్చిపోయి పోయిందా?”

చెత్తబుట్టలోని గరిక అలాగే ఉంది. సేటుకు కీడు కాకూడదని చేసిన పని. 

సీఐ కవరు సంచిలో పెట్టేశాడు. లేడీ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆమె సుకన్య చేయి వదిలింది. “ముసలామె వాంగ్మూలం రాయాలె,” అన్నాడు. అనసూయ వచ్చినప్పటినుంచి మొదటిసారి ఆయన గొంతు పోలీసుగొంతులా లేదు. “కేసు మారుతది. కావాల్నని చేసింది కాదు. మేడం, నువ్వు జర బయట కూసో.”

అనసూయ కూర్చోలేదు. సుకన్య విడుదలైన మనిషిలా లేదు. ఆమె మిషన్ దగ్గరికి నడిచి మూత ఎత్తింది. లోపల గిన్నె కడిగి బోర్లించి ఉంది. దాన్ని బయటికి తీసి రెండు చేతుల్లో పట్టుకుంది, బరువు చూస్తున్నట్టు. గత ఏడాదిగా రోజూ ఎత్తి పోసిన గిన్నె. అది ఎంత పడుతుందో ఆమె చేతులకు తెలుసు.

“అత్తమ్మా.”

రాజక్క తల ఎత్తింది.

“గిన్నె నిండ చేసినవా?”

“నిండనే.”

“నిండ చేస్తే ఒక్క సీస నింపినంక ఇంక సగానికి ఎక్కువనే మిగుల్తది.” సుకన్య గొంతు పలచబడింది. “ఇంట్ల సీసలు నాయే. గిన్నె కడిగి ఉన్నది. మిగిలింది ఏది?”

 దేవుడి గూట్లో దీపం ముట్టించి ఉంది. బయట చీకటి పడుతోంది.

అనసూయకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నాడు. సుకన్య భర్త భానుచందర్, గూడ్సుబండి డ్రైవరు. “నీ ఆయన ఏడి?” అని అడిగింది.

“మధ్యాహ్నం డ్యూటీకి పోయిండు. బల్లార్ష వైపు. ఈ సంగతి ఎర్కకాకముందే పోయిండు. బండెక్కితే ఫోన్ బందు పెట్టాలె, చేసి చేసి యాష్టకొచ్చింది.” సుకన్య ఆ మాటలు అనసూయకు చెబుతోంది గానీ చూపు మాత్రం అత్త మీది నుంచి తీయడం లేదు. “చీకటి పడ్డంకనే టిఫిన్ డబ్బ ఇప్పుతడు. అత్తమ్మా, నిన్నే అడుగుతాన. మిగిలింది ఏం చేసినవు?”

సీఐ చేయి జేబులో ఫోన్ దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది.

రాజక్క కోడలి చేతుల్లోని ఖాళీ గిన్నె వైపు చూస్తూ చెప్పింది.

“డబ్బల పెట్టిన. బండి మీద ఇద్దరుంటరు గదా, ఇద్దరు తింటరని రెండు రొట్టెలు ఎక్కువనే పెట్టిన.”